యుద్ధంలోకి ఏఐ వచ్చాక ఏం మారింది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆపరేషన్ సిందూర్ జరిగిన ఆ నాలుగు రోజులూ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నిద్రపోలేదు. అప్పటి నుంచి బంధువులు, పాత కొలీగ్స్, ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి. నేను మిలిటరీ మనిషిని కాను. కంప్యూటర్‌కి ఫొటోల్లో మనుషుల్నీ బళ్లనీ గుర్తుపట్టడం నేర్పే ప్రాజెక్టుల్లో హైదరాబాద్‌లో కొన్నేళ్లు పనిచేశాను. ఆ అనుభవం కూడా ఒకట్రెండు చోట్ల పనికొచ్చింది.

యుద్ధంలో ఏఐ అంటే తుపాకులు పట్టుకున్న రోబోలేనా?

అది సినిమాలు మన బుర్రలో పెట్టిన బొమ్మ. నిజంగా జరుగుతున్నదాంట్లో ఎక్కువ భాగం కూర్చుని వీడియోలు చూసే పని. ఇరాక్, సిరియాల మీద తిరిగే అమెరికా డ్రోన్లు రోజూ గంటలకొద్దీ వీడియో పంపేవి. దాన్ని చూడటానికి మనుషులు చాలేవారు కాదు. అందుకే 2017 ఏప్రిల్‌లో అమెరికా రక్షణ శాఖ ప్రాజెక్ట్ మేవెన్ మొదలుపెట్టి, ‘ఇది లారీ, ఇది మనిషి, ఇది ఇల్లు’ అని గుర్తుపెట్టే పనిని సాఫ్ట్‌వేర్‌కి అప్పగించింది. 2024 ఫిబ్రవరిలో ఇరాక్, సిరియాల్లో 85కు పైగా లక్ష్యాల మీద అమెరికా దాడులు చేసినప్పుడు, వాటిని గుర్తించడంలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడామని ఆ దేశ సైనిక అధికారులే చెప్పారు.

ఇవి కాక శాటిలైట్ ఫొటోల్లో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకోవడం, పట్టుబడిన రేడియో మాటల్ని రాతలోకి మార్చడం, ఏ హెలికాప్టర్ భాగం ఎప్పుడు పాడవుతుందో ముందే చెప్పడం లాంటివి కూడా ఉన్నాయి. స్పేర్ పార్టుల సంగతి పక్కన పెడితే, మిగతావన్నీ చేసేది ఒక్కటే. శత్రువు కంటపడటానికీ అతని మీద బాంబు పడటానికీ మధ్య ఉండే టైమ్‌ని కుదించేస్తాయి. ఆ మధ్య టైములోనే ఎవరో ఒకరు ‘ఆగు, ఇది తప్పేమో’ అనే అవకాశం ఉండేది. కింద జవాబుల్లో నేను పదే పదే అక్కడికే వస్తుంటే విసుక్కోకండి.

ఇది కొత్తగా వచ్చిందా?

పూర్తిగా కొత్తది కాదు. దూసుకొచ్చే క్షిపణిని రాడార్‌తో పట్టుకుని తనంతట తానే కాల్చే ఫాలంక్స్ తుపాకులు 1980 నుంచే అమెరికా యుద్ధనౌకల మీద ఉన్నాయి. కానీ అవి పాత పద్ధతి యంత్రాలు. ఇంత వేగంతో, ఇటువైపు ఏది వస్తే దాన్ని కాల్చు అని రాసిపెట్టిన నియమాల మీద పనిచేస్తాయి. ఇప్పటివి లక్షల ఫొటోలు చూసి నేర్చుకున్నవి. ఎందుకు అలా చెప్పిందో దాన్ని తయారుచేసినవాళ్లు కూడా ఒక్కోసారి వివరించలేరు.

2020లో నగోర్నో-కరబాఖ్ ప్రాంతం కోసం అజర్‌బైజాన్, ఆర్మీనియా 44 రోజులు కొట్టుకున్నప్పుడు టర్కీ బైరక్తార్ డ్రోన్లు, ఇజ్రాయెల్ హారోప్ ఆత్మాహుతి డ్రోన్లు పాత ట్యాంకుల్ని ఎలా తుక్కు చేశాయో ప్రపంచం వీడియోల్లో చూసింది. 2021 మేలో గాజాలో జరిగిన 11 రోజుల పోరును ఇజ్రాయెల్ అధికారులు ‘మొదటి ఏఐ యుద్ధం’ అని చెప్పుకున్నారు. అయితే దీని అసలు విశ్వరూపం కనిపించింది మాత్రం ఉక్రెయిన్‌లోనే.

ఉక్రెయిన్‌లో ఏఐ సరిగ్గా ఏం చేస్తోంది?

ముందు అక్కడి డ్రోన్ సంగతి తెలియాలి. ఎఫ్‌పీవీ (ఫస్ట్ పర్సన్ వ్యూ) డ్రోన్ అంటే ఒక చిన్న కార్బన్ ఫ్రేమ్, నాలుగు ఫ్యాన్లు, ముందు ఒక చిన్న కెమెరా, కింద టేపుతోనో జిప్ టైలతోనో కట్టిన బాంబు. ఖరీదు 400, 500 డాలర్లు. అంటే మన దగ్గర ఒక మంచి ఫోన్ ధర. నడిపేవాడు కొన్ని కిలోమీటర్ల వెనక ఏదో నేలమాళిగలో, కళ్లకు గాగుల్స్ పెట్టుకుని కూర్చుంటాడు. డ్రోన్ కళ్లతో తనే చూస్తూ దాన్ని తీసుకెళ్లి ట్యాంకుకు గుద్దిస్తాడు.

సమస్యంతా చివరి అర కిలోమీటరులో వస్తుంది. ట్యాంకు దగ్గర రేడియో సిగ్నల్‌ని చెడగొట్టే జామర్ ఉంటుంది. నేలకు దగ్గరగా దిగేకొద్దీ చెట్లూ గుట్టలూ అడ్డం వచ్చి సిగ్నల్ బలహీనపడుతుంది. గాగుల్స్‌లో బొమ్మ చెదిరి, చుక్కలు చుక్కలై, చివరికి నల్లబడుతుంది. డ్రోన్ ఎక్కడో పొలంలో కూలుతుంది.

ఏఐ దూరింది సరిగ్గా ఇక్కడే. డ్రోన్‌లో క్రెడిట్ కార్డంత చిప్ బోర్డు ఒకటి పెడతారు. సిగ్నల్ ఇంకా బాగున్నప్పుడే పైలట్ ట్యాంకు మీద ఒక చతురస్రం గీసి లాక్ చేస్తాడు. ఆ తర్వాత సిగ్నల్ పోయినా ఫర్వాలేదు. చిప్ ఆ ఆకారాన్ని కెమెరాలో వెంటాడుతూ డ్రోన్‌ని దాని మీదికే తీసుకెళ్తుంది. మామూలుగా పది ఎఫ్‌పీవీలు పంపితే ఒకటో రెండో తగిలేవని, ఈ చివరి దశ ఆటోపైలట్ పెట్టాక ఏడెనిమిది తగులుతున్నాయని వాషింగ్టన్‌లోని సీఎస్‌ఐఎస్ అనే పరిశోధన సంస్థ 2025లో అంచనా వేసింది. అన్ని బ్రిగేడ్లకూ, అన్ని వాతావరణాలకూ ఆ లెక్క కుదురుతుందని నేను అనుకోను. పొగమంచులో కెమెరా ఏం చూస్తుంది? కానీ రెండు వైపులా దీని వెనకే ఎందుకు పరిగెడుతున్నారో అర్థం కావడానికి ఆ అంచనా చాలు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఎవర్ని కొట్టాలో చెప్పింది మనిషే. యంత్రం చేసింది ఆఖరి కొద్ది సెకన్ల ప్రయాణం.

జామింగే సమస్య అయితే వైరు కట్టి పంపొచ్చు కదా?

హెడ్మాస్టరు గారు అడిగిన ప్రశ్న ఇది. నవ్వుతూ అడిగారు కానీ, నిజంగానే ఆ పని చేశారు. మన ఇళ్లకు ఇంటర్నెట్ తెచ్చే ఆప్టికల్ ఫైబర్ ఉంది కదా, ఆ సన్నని గాజు పోగును కిలోమీటర్లకొద్దీ చుట్టి డ్రోన్‌కి తగిలిస్తారు. సంక్రాంతికి చరఖా నుంచి మాంజా వదిలినట్టు, డ్రోన్ వెళ్తున్నకొద్దీ అది విప్పుకుంటూ పోతుంది. రేడియోనే లేదు కాబట్టి జామ్ చేయడానికి ఏమీ ఉండదు. 2024లో రష్యా వీటిని పెద్ద ఎత్తున తెచ్చింది. ఉక్రెయిన్ అందిపుచ్చుకుంది. తూర్పు ఉక్రెయిన్ పొలాల మీద ఎండ పడితే ఆ పోగులన్నీ సాలెగూడులా మెరుస్తున్న వీడియోలు, పక్షులు వాటితో గూళ్లు కట్టుకున్న ఫొటోలు వచ్చాయి.

అంటే ఏఐ ఒక్కటే దారి కాదన్నమాట. బరువు, దూరం, ఖర్చు చూసుకుని ఏది గిట్టుబాటైతే అది వాడుతున్నారు. యుద్ధభూమిలో కొత్త టెక్నాలజీ అన్న మోజు ఎవరికీ ఉండదు.

ఆపరేషన్ స్పైడర్ వెబ్‌లో ఏఐ పాత్ర ఎంత?

2025 జూన్ 1న ఉక్రెయిన్ గూఢచారి సంస్థ ఎస్‌బీయూ 117 డ్రోన్లతో రష్యా వైమానిక స్థావరాల మీద దాడి చేసింది. లారీల మీద చెక్క గదులు, వాటి పైకప్పుల్లో డ్రోన్లు. లారీలు రష్యా లోపలికి వేల కిలోమీటర్లు వెళ్లాక పైకప్పులు తెరుచుకున్నాయి. సైబీరియాలోని బెలాయా, ఉత్తరాన ఓలెన్యా స్థావరాల్లో నిలిపిన భారీ బాంబర్లు తగలబడ్డాయి. రష్యా మొబైల్ నెట్‌వర్క్ మీదే వాటిని నడిపారు. సిగ్నల్ పోతే ఏఐ అందుకుని ముందే వేసిన దారిలో తీసుకెళ్లేలా ఏర్పాటు చేశామని ఎస్‌బీయూ చెప్పింది.

కానీ ఇందులో గొప్ప ఎవరిదని అడిగితే నేను ఏఐకి పదో వంతు కూడా ఇవ్వను. ఏడాదిన్నర ప్లానింగ్, లారీలు, వడ్రంగి పని, నోరు జారని మనుషులు. మిగతాది ఆ తర్వాతే.

ఈ ఏఐకి నేర్పే డేటా ఎక్కడి నుంచి వస్తుంది?

యుద్ధం నుంచే. ఓచీ అనే ఉక్రెయిన్ వ్యవస్థ ఒక్కటే 2022 నుంచి 2024 చివరికల్లా 20 లక్షల గంటల డ్రోన్ వీడియోని పోగుచేసింది. ఒక మనిషి రేయింబవళ్లు కూర్చుని చూస్తే 228 ఏళ్లు పడుతుంది. అందులో చెట్ల కింద దాక్కున్న ఫిరంగులు, బురదలో కూరుకుపోయిన ట్యాంకులు, పరిగెత్తే సైనికులు అన్నీ ఉంటాయి.

దీనికి తోడు అక్కడ పాయింట్ల పద్ధతి ఉంది. ఏ యూనిట్ ఏం ధ్వంసం చేసిందో వీడియోతో రుజువు చేస్తే పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లతో బ్రేవ్1 మార్కెట్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొత్త డ్రోన్లు కొనుక్కోవచ్చు. ట్యాంకుకు ఇన్ని పాయింట్లు, మనిషికి ఇన్ని. అవసరాన్ని బట్టి రేట్లు మారుస్తారు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఫుడ్ డెలివరీ యాప్‌ల ఇన్సెంటివ్‌లు గుర్తొచ్చాయి. ఆ పోలిక నాకే నచ్చలేదు కానీ, ఇంకోటి తట్టలేదు.

గాజాలో వాడిన ‘లావెండర్’ ఏమిటి?

2024 ఏప్రిల్‌లో +972 అనే పత్రిక, దాని హీబ్రూ భాగస్వామి లోకల్ కాల్ ఒక కథనం వేశాయి. పేరు చెప్పడానికి ఇష్టపడని ఆరుగురు ఇజ్రాయెల్ ఇంటెలిజెన్స్ అధికారులు చెప్పిన విషయాలవి. వాళ్లు చెప్పిన ప్రకారం లావెండర్ అనేది గాజా జనం మీద నిఘా సమాచారాన్ని జల్లెడపట్టి, ఎవరు హమాస్ సాయుధ విభాగానికి చెందినవారై ఉండొచ్చో మార్కులు వేసే వ్యవస్థ. ఎవరెవరితో మాట్లాడారు, ఏ వాట్సాప్ గ్రూపులో ఉన్నారు, ఎన్నిసార్లు ఫోన్ మార్చారు లాంటివి చూసి మార్కులు. యుద్ధం మొదట్లో అది 37,000 మంది దాకా గుర్తుపెట్టింది. నూటికి పది తప్పులుంటాయని తెలిసే వాడారు.

భవనాల్ని లక్ష్యాలుగా చూపించేది ఇంకొకటి, దాని పేరు గాస్పెల్. మూడోది, మార్కు పడ్డ మనిషి ఇంటికి చేరగానే కబురు చేసేది. దాని పేరు ‘నాన్న ఎక్కడ?’. ఈ పేరు పెట్టినవాడు ఆ రోజు ఏ మూడ్‌లో ఉన్నాడో గానీ, నాకు మాత్రం ఆ కథనంలో అన్నిటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది అదే.

ఒక్కో పేరు మీద తాము పెట్టిన టైమ్ దాదాపు 20 సెకన్లని ఒక అధికారి చెప్పాడు. ఆ 20 సెకన్లలో చూసేది ముఖ్యంగా ఒకటే, ఆ మనిషి మగవాడా కాదా అని. కింది స్థాయి వ్యక్తి ఒకరి కోసం 15 నుంచి 20 మంది పౌరులు పోయినా ఫర్వాలేదని మొదటి వారాల్లో అనుమతి ఉండేదని కూడా కథనం చెప్పింది.

ఇజ్రాయెల్ సైన్యం దీన్ని ఒప్పుకోలేదు. లావెండర్ అనేది సమాచారాన్ని సరిపోల్చుకునే డేటాబేస్ మాత్రమేననీ, ఉగ్రవాదుల్ని గుర్తించడానికి ఏఐ వాడటం లేదనీ, ప్రతి లక్ష్యాన్నీ విశ్లేషకులు విడిగా పరిశీలిస్తారనీ ప్రకటించింది.

చివరికి మనిషే ఓకే చెబుతున్నాడు కదా, ఇక టెన్షన్ ఎందుకు?

ఇక్కడ నా సొంత గోడు చెబుతాను. నేను చేసిన పనుల్లో ఒకటి, మోడల్ (ఫొటోలు చూసి నేర్చుకున్న సాఫ్ట్‌వేర్) ఒక ఫొటోలో ‘ఇది మనిషి’ అని గీసిన గడి సరిగ్గా ఉందో లేదో చూసి అప్రూవ్ చేయడం లేదా రిజెక్ట్ చేయడం. ఎనిమిది గంటల షిఫ్టుకు 1,200 ఫొటోల టార్గెట్. పొద్దున్నే టీ తాగి కూర్చున్నప్పుడు మొదటి యాభై ఫొటోల్ని జూమ్ చేసి మరీ చూసేవాణ్ని. మధ్యాహ్నం భోజనమయ్యాక వేలు దానంతటదే అప్రూవ్ మీదికి పోయేది. మోడల్ దాదాపు ప్రతిసారీ కరెక్టే చెబుతుంటుంది. దాన్ని అనుమానిస్తూ కూర్చోవడం బుర్రకి భారం.

ఒకరోజు మమ్మల్ని పరీక్షించడానికి టీమ్ లీడ్ కావాలనే తప్పు ఫొటోలు కలిపాడు. బస్టాప్‌లో గోడకి ఆనించిన గోనెసంచి చుట్టూ గడి గీసి ‘మనిషి’ అని ఉంది. నేను అప్రూవ్ కొట్టేశాను. నాకు పడిన శిక్ష, మర్నాడు మీటింగ్‌లో ఆ ఫొటో స్క్రీన్ మీద వేసి అందరూ నవ్వడం.

లావెండర్ కథనంలో ఆ 20 సెకన్ల దగ్గర నేను ఆగిపోయాను. 1,200 ఫొటోల్ని ఎనిమిది గంటలకు లెక్కేస్తే ఒక్కోదానికి 24 సెకన్లు వస్తుంది.

యుద్ధాల్లోనూ ఇది కొత్త కాదు. 2003 ఇరాక్ యుద్ధంలో అమెరికా పేట్రియాట్ క్షిపణి రక్షణ వ్యవస్థ, తమ మిత్రుల విమానాన్నే శత్రు క్షిపణి అని చూపించింది. కూర్చున్నవాళ్లకు ఆలోచించుకునే టైమ్ లేదు, దాని మాట నమ్మారు. బ్రిటన్ టోర్నడో యుద్ధ విమానం కూలి ఇద్దరు చనిపోయారు. పది రోజుల తర్వాత అమెరికాదే ఒక నేవీ విమానాన్ని కూడా అలాగే కూల్చారు.

అయితే యంత్రాన్నే అన్నిటికీ తిట్టడం కూడా తప్పే. 1988 జూలై 3న అమెరికా యుద్ధనౌక విన్‌సెన్స్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చి 290 మందిని చంపింది. వాళ్లలో పది మంది భారతీయులు కూడా ఉన్నారు. ఆ నౌకలోని ఏజిస్ కంప్యూటర్ విమానం పైకి ఎగురుతోందని సరిగ్గానే రికార్డు చేసింది. కంగారులో ఉన్న సిబ్బంది అది తమ మీదికి దిగుతోందని చదువుకున్నారు. మనిషి ఉన్నాడంటే చాలదు. ఆ మనిషికి టైమ్ ఉందా, నిద్ర ఉందా, ‘కాదు’ అంటే అతని పై అధికారి ఏమంటాడు, ఇవన్నీ అడగాలి.

మనిషి ప్రమేయం లేకుండా యంత్రమే ఎవరినైనా చంపిందా?

లిబియాలో 2020లో కర్గు-2 అనే టర్కీ డ్రోన్లను వెనక్కి వెళ్తున్న సైనికుల మీదికి వదిలారని, నడిపేవాడితో సిగ్నల్ లేకపోయినా దాడి చేసేలా వాటిని ప్రోగ్రాం చేశారని ఐరాస నిపుణుల నివేదిక 2021లో రాసింది. పత్రికలు దాన్ని ‘రోబో చేసిన మొదటి హత్య’ అని మోత మోగించాయి. నివేదికలో మాత్రం ఆ డ్రోన్ల వల్ల ఫలానావారు చనిపోయారని లేదు. ఎవరైనా పక్కాగా ‘అవును’ అని చెబితే నమ్మకండి, ‘ఎప్పటికీ జరగదు’ అన్నా నమ్మకండి.

ఏఐని బురిడీ కొట్టించవచ్చా?

భేషుగ్గా. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఒకసారి మనుషుల్ని పసిగట్టే రోబోకి కొన్ని రోజులు శిక్షణ ఇచ్చి, ఆఖర్న ఎనిమిది మంది మెరైన్ సైనికులతో ‘దానికి దొరక్కుండా వెళ్లి ముట్టుకోండి’ అన్నారు. ఇద్దరు 300 మీటర్లు పిల్లిమొగ్గలు వేసుకుంటూ వెళ్లారు. ఇద్దరు అట్టపెట్టె కింద దూరి, నవ్వు ఆపుకోలేక కిసకిసలాడుతూ వెళ్లారు. ఒకడు చెట్టు కొమ్మలు ఒంటికి కట్టుకుని నడిచాడు. ఎనిమిది మందిలో ఒక్కరూ దొరకలేదు. దానికి నేర్పింది నడిచే మనుషుల్ని మాత్రమే మరి.

రష్యా తన బాంబర్ల రెక్కల మీద పాత కారు టైర్లు పరచిన ఫొటోలు 2023లో వచ్చినప్పుడు చాలామంది నవ్వారు. విమానం ఆకారాన్ని పోల్చుకునే సాఫ్ట్‌వేర్‌కి ఆ టైర్లు నిజంగానే తలనొప్పి అని ఏడాది తర్వాత అమెరికా అధికారులే ఒప్పుకున్నారు. మా ప్రాజెక్టులో వానాకాలం వచ్చేసరికి గొడుగు పట్టుకున్నవాళ్లు మోడల్‌కి మనుషుల్లా కనిపించడం మానేశారు. ఎండాకాలం ఫొటోలతో నేర్పితే అంతే.

వాట్సాప్‌లో వచ్చే యుద్ధం వీడియోలు ఏవి నిజం?

2022 మార్చిలో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ ‘ఆయుధాలు దించేయండి’ అని తన సైనికులకు చెబుతున్న వీడియో ఒకటి వచ్చింది. హ్యాక్ అయిన ఒక ఉక్రెయిన్ టీవీ చానల్ వెబ్‌సైట్‌లో కూడా కనిపించింది. తల ఒక సైజు, మెడ ఒక సైజు, గొంతు ఎవరిదో. కాసేపటికే ఆయనే ఫోన్ తీసి వీడియోలో ఖండించారు.

మూడేళ్లు తిరిగేసరికి పనితనం పెరిగింది. 2025 మేలో, రెండు యుద్ధ విమానాలు పోయాయని పాకిస్తాన్ సైనిక ప్రతినిధి ఒప్పుకున్నట్టు ఒక డీప్‌ఫేక్ (ఏఐతో చేసిన నకిలీ వీడియో) తిరిగింది. మన దగ్గర పెద్ద పెద్ద సంస్థలే దాన్ని వార్తగా వేసేశాయి. మన విదేశాంగ మంత్రి క్షమాపణ చెప్పినట్టు అవతలి వైపు నుంచి ఇంకో నకిలీ వీడియో వచ్చింది. మా గ్రూపులో మొదటిదానికి చప్పట్లు, రెండోదానికి ‘ఫేక్, ఫేక్’ అని మెసేజ్‌లు. రెండూ ఫేకే అని పెట్టిన నన్ను ఒకాయన దేశభక్తి గురించి ప్రశ్నించారు. సగం వీడియోలకైతే ఏఐ కూడా అక్కర్లేదు, వీడియో గేమ్ క్లిప్పులే.

మన సైన్యం ఏం చేస్తోంది?

రక్షణ శాఖ 2019లో డిఫెన్స్ ఏఐ కౌన్సిల్‌ను, దాని కింద ప్రాజెక్టుల ఏజెన్సీని పెట్టింది. 2021 ఆర్మీ డే నాడు ఢిల్లీలో 75 డ్రోన్ల గుంపును ఎగరేసి చూపించారు. 2022 జూలైలో రాజ్‌నాథ్ సింగ్ ఒకేసారి 75 ఏఐ ఉత్పత్తుల్ని విడుదల చేశారు. 75 అనే అంకె స్వాతంత్ర్య అమృతోత్సవాల కోసం కుదిర్చినట్టుంది. వాటిలో ఎన్ని జవాన్ల చేతికి నిజంగా అందాయన్నది నేను అంతకంటే ముఖ్యం అనుకుంటాను.

ఆపరేషన్ సిందూర్ సమయంలో, 2025 మే 8 రాత్రి పాకిస్తాన్ 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వం చెప్పింది. అన్ని డ్రోన్లు ఒకేసారి వస్తే ఏ రాడార్ చూసింది ఏదో, దేన్ని ఏ తుపాకీ కొట్టాలో ఫోన్లు చేసుకుని తేల్చుకునే వ్యవధి ఉండదు. ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎల్ తయారుచేసిన ‘ఆకాశ్‌తీర్’ చేసేది ఆ పనే. వేర్వేరు రాడార్ల సమాచారాన్ని ఒకే తెర మీదికి తెచ్చి కింది యూనిట్లకు చేరవేస్తుంది. మన మీడియా దాన్ని ‘ఏఐ కవచం’ అని పిలుస్తోంది. ఆటోమేషన్ అంటే సరిపోతుందని నా అభిప్రాయం. ప్రతి తెలివైన యంత్రానికీ ఏఐ అని బిరుదు ఇవ్వక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాలకు దీంతో సంబంధం ఉందా?

చాలా దగ్గరి సంబంధమే. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ క్షిపణి ల్యాబులు, చాంద్రాయణగుట్టలోని ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ ల్యాబు డీఎల్ఆర్ఎల్, కంచన్‌బాగ్‌లో క్షిపణులు తయారుచేసే బీడీఎల్ అన్నీ హైదరాబాద్‌లోనే. 36 గంటలు గాల్లో ఉండగల దృష్టి-10 డ్రోన్‌ను అదానీ సంస్థ 2024 జనవరిలో నేవీకి అప్పగించింది కూడా హైదరాబాద్‌లోనే.

కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ పరీక్షల మైదానం ఉంది. 2025 ఏప్రిల్ 13న అక్కడ, హైదరాబాద్ ల్యాబు ‘చెస్’ తయారుచేసిన 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కాల్చి కూల్చారు. లేజర్ ఏఐ కాదు, నిజమే. కానీ 500 డాలర్ల డ్రోన్ మీద లక్షల డాలర్ల క్షిపణి కాల్చలేక ప్రపంచమంతా తల పట్టుకున్నప్పుడు, కరెంటు ఖర్చుతో పోయే లేజర్ మీద అందరికీ ఆశ పుట్టింది. ఈ డ్రోన్ల వరదకు విరుగుడు వెతుకుతున్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

ఇంకో సంబంధం ఉంది, అది బాధాకరం. హెల్పర్ ఉద్యోగమని ఏజెంట్లు నమ్మబలికితే రష్యా వెళ్లి, ఉక్రెయిన్ యుద్ధంలోకి నెట్టబడి చనిపోయిన హైదరాబాద్ యువకుడి వార్త 2024లో చదివే ఉంటారు.

దీనికి అంతర్జాతీయ చట్టం లేదా?

ప్రత్యేకంగా లేదు. పౌరులకూ సైనికులకూ తేడా చూడాలన్న పాత యుద్ధ నియమాలు దీనికీ వర్తిస్తాయి. స్వయంచాలక ఆయుధాల మీద జెనీవాలో పదేళ్లుగా చర్చలు నడుస్తున్నాయి. అక్కడ అందరూ ఒప్పుకుంటే తప్ప ఏదీ ముందుకు కదలదు కాబట్టి, కదలడం లేదు. 2026లోగా ఒప్పందం కావాలని ఐరాస ప్రధాన కార్యదర్శి గుటెరస్ కోరారు.

2023 డిసెంబర్‌లో సర్వసభ్య సభలో ఈ విషయం మీద తీర్మానం పెడితే 152 దేశాలు అనుకూలం, నాలుగు వ్యతిరేకం. ఆ నాలుగింటిలో రష్యా, బెలారస్, మాలీలతో పాటు మనమూ ఉన్నాం. జెనీవా వేదిక ఉండగా ఇంకో దారి ఎందుకన్నది భారత్ వాదన. ఇరువైపులా అణ్వాయుధ దేశాలున్నవాళ్లం, చేతులు ముందే కట్టేసుకోవద్దన్న లెక్క కూడా దాని వెనక ఉండొచ్చు. ఆ లెక్క నాకు అర్థమవుతుంది. ఆ ఓటు గురించి మన పేపర్లలో నాలుగు లైన్లు కూడా రాకపోవడం మాత్రం అర్థం కాదు.

అణ్వాయుధాలు కూడా ఏఐ చేతికి వెళ్తాయా?

ఆ నిర్ణయం మనుషుల చేతిలోనే ఉండాలని 2024 నవంబర్‌లో పెరూలో కలిసినప్పుడు బైడెన్, షీ జిన్‌పింగ్ ఒప్పుకున్నారు. 1983 సెప్టెంబర్ 26 రాత్రి సోవియట్ కంప్యూటర్ ‘అమెరికా ఐదు క్షిపణులు వదిలింది’ అని చూపించినప్పుడు, డ్యూటీలో ఉన్న సైనికాధికారి స్టానిస్లావ్ పెట్రోవ్ నమ్మలేదు. నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాళ్లు ఐదింటితో ఎందుకు ఆపుతారని ఆయన ఆలోచన. మేఘాల మీద పడ్డ ఎండను ఉపగ్రహం క్షిపణులనుకుంది. పెట్రోవ్‌కి దొరికినవి కొన్ని నిమిషాలు. సెకన్లు కాదు.

గూగుల్ లాంటి కంపెనీలు ఇందులో ఉన్నాయా?

2018లో, పైన చెప్పిన ప్రాజెక్ట్ మేవెన్‌కి పనిచేయొద్దని మూడు వేల మందికి పైగా గూగుల్ ఉద్యోగులు సుందర్ పిచాయ్‌కి లేఖ రాశారు. కంపెనీ ఆ కాంట్రాక్టును కొనసాగించలేదు, ఆయుధాల కోసం ఏఐ చేయబోమని మాట కూడా ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆ మాటను తన నియమాల్లోంచి తీసేసింది. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ ‘సైనిక వాడకం నిషేధం’ అన్న లైనును అంతకు ఏడాది ముందే తీసేసింది.

మా మనవడికి డిఫెన్స్ ఏఐ కంపెనీలో ఆఫర్ వచ్చింది. చేరమంటావా?

హెడ్మాస్టరు గారు కిందటి నెల అడిగారు. చేరొద్దని నేనెలా అంటాను? డ్రోన్లు ఇటువైపు వస్తున్నప్పుడు వాటిని ఆపేవాళ్లు కూడా కావాలి. గాయపడ్డవాళ్లను బుల్లెట్ల మధ్య నుంచి లాక్కొచ్చే చక్రాల రోబోలు ఉక్రెయిన్‌లో ప్రాణాలు కాపాడుతున్నాయి. ఇంకోవైపు, ఉక్రెయిన్ నగరం ఖేర్సన్‌లో వీధిలో నడిచే మామూలు జనాన్ని డ్రోన్లతో వేటాడినవాళ్లు ఏఐ లేకుండా, గాగుల్స్‌లో స్పష్టంగా చూస్తూనే ఆ పని చేశారు. టెక్నాలజీ లేనంత మాత్రాన చేతులు శుభ్రంగా ఉండవు.

అయితే ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న అడగమని చెప్పాను. స్క్రీన్ ముందు కూర్చునేవాడు ‘అవును’ అనడానికి ఎన్ని క్లిక్కులు, ‘కాదు’ అనడానికి ఎన్ని అని. మా టూల్‌లో అప్రూవ్‌కి ఒక్క కీ చాలు. రిజెక్ట్ నొక్కితే కారణాలు రాయమని మూడు గడుల ఫారం తెరుచుకునేది.